నల్లకారు నిగనిగలు

నలుపు నారాయణుడు మెచ్చునని మనవారి సామెత. మోటారుకార్ల షోరూములో ఒక పూట నిలబడి చూస్తే నారాయణునితోపాటు నరులు కూడా బాగానే మెచ్చుతున్నారని తేలుతుంది. దీపాల వరుస క్రింద నిలిపిన నల్లకారు చూపరుల కాళ్ళకు బంధం వేస్తుంది. నేరేడుపండు మీది నిగారింపు, తుమ్మెదరెక్క మీది తళుకు, అప్పుడే పట్టిన కాటుకలోని చిక్కదనం, మూడూ ఒక్కచోట పోతపోసినట్లుంటుంది. ఆ సొగసుకు లోబడి అప్పుపత్రం మీద సంతకం చేస్తారు. కొబ్బరికాయ కొట్టి, చక్రాల క్రింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకొంటారు.

మూడు నెలలు గడుస్తాయి. ఒకనాటి మధ్యాహ్నం బానెట్ మీద ఎండ పడినపుడు, అందులో ప్రతిఫలించిన సూర్యబింబం చుట్టూ సాలెపురుగు గూడు అల్లినట్లుగా వేలకొద్ది సన్నని గీతలు కనిపిస్తాయి. రాయి తగలలేదు, గోడకు రాసుకోలేదు, పిల్లలు గీకలేదు. అయినా కారు మొగాన ముసలితనపు ముడుతలు వచ్చినవి. యజమాని గుండె కలుక్కుమంటుంది. ఆనాటినుండి అతడు సీసాల వేటలో పడతాడు. సిరామిక్ స్ప్రే వాక్స్ అని పేరు వ్రాసిన సీసా ఒకటి ఆరునెలలు నిలుస్తుందంటుంది. మరొకటి ఏడాది అంటుంది. ఇంకొకటి వజ్రకాఠిన్యమని అభయమిస్తుంది. ఏది కొనాలి? ప్రశ్న చిన్నదే. సమాధానం మాత్రం సీసా మీది అక్షరాలలో కొంతయే వున్నది; మిగిలినదంతా ఆ కారును కడిగే నీటిలోను, తుడిచే చేతిలోను వున్నది.

ముందుగా పేరు సంగతి. సిరామిక్ అనే మాటకు మూలమైన గ్రీకుపదం కెరమోస్. కుమ్మరి మట్టి అని అర్థం. పింగాణీ పాత్రలు, పెంకులు, ఇటుకలు అన్నీ ఆ వంశంలోనివే. ఈ సీసాలో మట్టి లేదు, దీనికి ఆవమూ లేదు. ఇందులో వుండేది సిలికాకు బంధువులైన ద్రవ్యాలు: సిలికోన్ జాతి పదార్థాలు, సిలాక్సేనులు, కొన్నింటిలో కొద్దిపాటి సిలికా. సిలికా అంటే సిలికాన్ డయాక్సైడు. సామాన్యభాషలో చెప్పవలెనంటే ఇసుకకు ప్రాణమైన పదార్థం. ఇక వాక్స్ అన్న మాట పూర్వవాసన చేత వచ్చినది. పూర్వం కారుకు పూసినది నిజమైన మైనమే. తేనెమైనం 62 డిగ్రీలకే కరుగుతుంది కనుక దానికంటె గట్టిదైన కార్నూబా మైనాన్ని మేలుగా ఎంచేవారు. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద ఎండకు తాళుకొనడానికి ప్రకృతి పూసిన పూత అది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపి ఆ పొడిని తీస్తారు. అది కరగడానికి 82 డిగ్రీలు దాటవలె. మందుబిళ్ళలకు, మిఠాయిలకు నునుపు తెచ్చేది కూడా అదే మైనం. మన తాటిచెట్టుకు దూరపు చుట్టం లోకానికి చేసిన ఉపకారం ఇంత వున్నది. సిరామిక్ పేరుతో వచ్చే స్ప్రేలలో కూడా కొన్నింటిలో ఈ మైనం కలుపుతారు. అయితే రోహిణికార్తెలో ఆరుబయట నిలిపిన నల్లకారు పైకప్పు చేయి పెట్టలేనంతగా కాలుతుంది. ఆ వేడిమికి, ఆపైన షాంపూ నీళ్ళకు కేవలపు మైనం త్వరగా చెదరిపోతుంది. సిలికోన్ జాతి పూత అంతకంటె ఓర్చుకొంటుంది. మన దేశపు ఎండలకు ఈ కొత్త సరకు తగినదనడానికి ఇది న్యాయమైన కారణం. మిగిలిన పొగడ్తలను మాత్రం కొంచెం ఉప్పువేసి చూడవలసినదే.

నల్లకారు చరిత్ర కూడా ఒకమాట తలచుకొనదగినది. హెన్రీ ఫోర్డు కంపెనీ 1908లో మోడల్ టి కారును తెచ్చినపుడు వేరే రంగులుండేవి. 1914 నుండి 1925 వరకు మాత్రం ఆ కారు నలుపులో తప్ప దొరకలేదు. ఆ నలుపు చవుకైనది, మన్నికైనది. తారుజాతికి చెందిన అస్ఫాల్టును నూనెలతో మరిగించి చేసిన ఎనామెలును పూసి, పెద్ద పొయ్యిలలో కాల్చి గట్టిపరచేవారు. నాటి కారును తుడిచినవాడు నలుపునే తుడిచినాడు. నేటి సంగతి వేరు. 1980 ప్రాంతాలనుండి వ్యాపించిన పద్ధతి ప్రకారం రంగుపూత మీద, రంగు ఏమాత్రమూ లేని గాజువంటి మరొక పూత వేస్తున్నారు. షెడ్డులవారు దానిని క్లియర్ కోటు అంటారు. దాని మందం సుమారు 40, 50 మైక్రానులు. మన తలవెంట్రుక మందంకంటె తక్కువ. నల్లకారు నిగనిగలన్నీ ఆ వెంట్రుకవాసి పొరలోనే వున్నవి. యజమాని తుడిచేది, రుద్దేది, మైనం పూసేది నలుపుకు కాదు, నలుపుమీది అద్దానికి.

ఈ రహస్యం తెలిసిన తరువాత సాలెగూటి గుట్టు కూడా విడిపోతుంది. అద్దంవంటి ఆ పూత మీద నిలువుగా పడిన వెలుతురులో నూటికి నాలుగుపాళ్ళు మాత్రమే పైముఖం నుండి తిరిగి వస్తుంది. మిగిలినదంతా లోపలికి పోయి నల్లరంగులో లీనమవుతుంది. తెల్లకారులో అట్లా కాదు. అడుగునున్న తెలుపు తనలోకి వచ్చిన వెలుతురును అన్ని దిక్కులకు చిమ్ముతుంది. గీత అనేది ఎక్కడ వున్నా కొంచెం వెలుతురును ప్రక్కకు విసురుతుంది. తెల్లకారు మీద ఆ కొంచెం ఆ వెల్లువలో కలిసిపోతుంది, నల్లకారు మీద చీకటి ఆకాశంలో చుక్కవలె వెలుగుతుంది. పగలు కూడా ఆకాశంలో నక్షత్రాలు వున్నవి గదా, కనిపించవు, అంతే. కనుక నల్లకారుకు గీతలు ఎక్కువ పడతాయనడం అపోహ. పొరుగింటి తెల్లకారుకూ అన్నే పడినవి. గీతలు గుండ్రంగా తిరిగినట్లు తోచడం కూడా కంటి మాయే. అవి నానా దిక్కులకు పోయిన తిన్నని గీతలు. వాటిలో దీపానికి అడ్డంగా వున్నవి మాత్రమే కంటికి మెరుపు పంపుతవి కనుక దీపం చుట్టూ వలయం కట్టినట్లుంటుంది. దీపాన్ని జరిపితే వలయమూ జరుగుతుంది.

ఇంతకూ గీసినదెవరు? ఇసుక. రోడ్డు దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు విస్తారంగా వుంటవి. ఖనిజాల కాఠిన్యాన్ని ఒకటినుండి పదివరకు లెక్కించిన జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ మోస్ కొలబద్ద మీద క్వార్ట్జుది ఏడవ స్థానం. చాకుమొనను కూడా గీయగల గట్టిదనం అది. క్లియర్ కోటు ఎంత మేలైనదైనా ప్లాస్టిక్ జాతిదే. దాని మీద దుమ్ము పేరుకొని వుండగా పొడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, గరుకు కాగితంతో రుద్దినట్లే. తెల్లవారుజామున అపార్టుమెంటు సెల్లారులో టపటపమని వినిపించే పొడిగుడ్డ దెబ్బలు, బూజుకర్రవంటి డస్టరు విసుర్లు నల్లకారు ఆయుష్షును కోసే చప్పుళ్ళు. ఇందులో ఒక వినోదం కూడా లేకపోలేదు. గీసినదీ సిలికాయే, కాపాడునని డబ్బు పెట్టి కొంటున్నదీ సిలికా పేరే.

ఆ కాపుదల ఎంతటిది? ఇక్కడ కొనుగోలుదారు మోసపోయే ఘట్టం వస్తుంది. స్ప్రే కొట్టి తుడిచిన తరువాత మిగిలే పొర మైక్రానులో కొద్దిపాటి భాగం. 40 మైక్రానుల పూతనే గీసిన ఇసుకరేణువు అంతటి పలుచని పొరను చూచి ఆగుతుందని నమ్మడం ఉల్లిపొరను కవచంగా తొడిగి కత్తియుద్ధానికి పోవడమే. 9 హెచ్ అని కొన్ని పూతల ప్రకటనలలో కనిపిస్తుంది. తొమ్మిది అనగానే వజ్రానికి ఒక్క మెట్టు క్రింద అని భ్రమపడతారు. అది మోస్ కొలబద్ద కాదు, పెన్సిళ్ళ కొలబద్ద. నిర్ణీతమైన కోణంలో, నిర్ణీతమైన బరువుతో పెన్సిలు మొనను పూత మీద నడిపించి, ఏ పెన్సిలుదాకా గీత పడలేదో చూచే పరీక్ష అది; 9 హెచ్ ఆ వరుసలో మిక్కిలి గట్టి పెన్సిలు. పెన్సిలు గీయలేనిదానిని క్వార్ట్జ్ రేణువు గీయలేదని ఎక్కడా లేదు. స్ప్రే సీసా మీద ఈ అంకె కనిపిస్తే దానిని అలంకారంగా చదువుకొని ముందుకు పోవడం మంచిది.

అయితే ఈ సరకు దండుగా? కాదు. అది చేసే మేలు వేరు. పూతను జారుడుగా చేస్తుంది. జారుడు పెరిగితే దుమ్ము గట్టిగా అంటుకొనదు. నీరు పోసినపుడు సులభంగా వదులుతుంది. గుడ్డ తక్కువ ఒత్తిడితో నడుస్తుంది. తక్కువ రుద్దుడు అంటే తక్కువ గీతలు. పక్షిరెట్ట, చెట్టుజిగురు పడినపుడు కొంత వ్యవధి దొరుకుతుంది; కొంత మాత్రమే, ఎండలో పూటంతా వదిలివేస్తే రెట్ట ఏ పూతనైనా తినివేస్తుంది. పైగా నలుపుకు లోతు వచ్చినట్లు కన్పట్టే నిగారింపు నిజమే. ఉపరితలం నునుపైన కొద్దీ ప్రతిబింబం స్పష్టమవుతుంది గనుక.

నీటిబొట్ల విషయం ప్రత్యేకంగా చెప్పవలసినది. ప్రకటనలన్నీ ముత్యాలవంటి నీటిబొట్లను చూపి, ఇదే మా పూత ఘనత అంటవి. తామరాకు మీద నీటిబొట్టు మనకు కొత్త ఉపమానం కాదు. తామరాకు ఎందుకు తడవదో 1997లో జర్మన్ శాస్త్రజ్ఞులు విల్‌హెల్మ్ బార్త్‌లాట్, క్రిస్టఫ్ నైన్‌హూయిస్ వివరించినారు. ఆకు మీద కంటికి కనిపించని బుడిపెలు, వాటి మీద మైనపు స్ఫటికాలు వున్నవి. ఆ గరుకుదనం మీద నీరు నిలువలేక గోళమై దొర్లిపోతూ దుమ్మును కూడా మోసుకొనిపోతుంది. కారు మీది స్ప్రేపూత నునుపైనది. దాని మీద బొట్టు గుండ్రమవుతుంది గాని దొర్లిపోదు, అక్కడే కూర్చుంటుంది. బోరునీటితో కడిగిన కారు మీద అట్లా కూర్చున్న ప్రతి బొట్టూ ఎండలో ఇంకిపోయి, తనలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలను తెల్లని ఉంగరంగా మిగిల్చిపోతుంది. తెల్లకారు మీద ఆ ఉంగరం ఎవరికీ కనబడదు. నల్లకారు మీద అమ్మవారు పోసినట్లు మచ్చలు. పలుమార్లు ఎండ తగిలితే అవి గుడ్డకు రావు. పూతలోకి దిగి కూర్చుంటవి. కనుక మన ఊళ్ళలో నల్లకారు గలవాడు ముత్యాలు కట్టే సరకుకంటె నీటిని పలకలు పలకలుగా క్రిందికి జార్చివేసే సరకును కోరుకోవలె. వ్యాపారి గొప్పగా చెప్పే గుణమే ఇక్కడ దోషమయ్యే అవకాశం వున్నది.

ఇక సీసాల జాతులు. కడిగిన తడికారు మీద చిమ్మి, మళ్ళీ నీళ్ళు కొట్టి ఆరబెట్టేవి కొన్ని. మెగ్వయర్స్ వారి హైబ్రిడ్ సిరామిక్ వాక్స్ ఈ కోవలోనిది. ఆరిన పలకల మీద చిమ్మి గుడ్డతో పరచి, మరొక గుడ్డతో మెరుగుపెట్టేవి కొన్ని. టర్టిల్ వాక్స్ వారి హైబ్రిడ్ సొల్యూషన్స్ సిరామిక్ స్ప్రే ఇందులో పేరుపొందినది. నల్లరంగు కలిపిన ద్రవవాక్సులు మూడవ రకం. సన్నని గీతలను కొంతకాలం కప్పిపుచ్చుతవి, కొన్ని కడుగుళ్ళకు కప్పు తొలగి గీతలు మళ్ళీ పలకరిస్తవి. పెండ్లిచూపుల నాటి పౌడరు వంటిది. అవసరాన్నిబట్టి తప్పు కాదు, దానినే చర్మమనుకొంటే తప్పు. మొదటి రకానికి శ్రమ తక్కువ, కాని చివర పోసే నీరు మంచిది కాకపోతే ఉంగరాలు తప్పవు. రెండవ రకం కాస్త ఎక్కువకాలం నిలుస్తుంది, కాని చేయి తిరిగినవాడు కావలె. నలుపు మీద గుడ్డ వదిలివేసిన ప్రతి చారా రాత్రి దీపాల క్రింద ఇంద్రధనుస్సు రంగులు చూపుతుంది. బోరునీటివారికి మేలైన మార్గం, తడి వుండగానే పలక పలకకు కొద్దిగా చిమ్మి, అదే గుడ్డతో నీటిని తీసివేయడానికి పనికివచ్చే రకం. జారుడుకు జారుడు, ఆరబెట్టుటకు ఆరబెట్టుట. బొట్టు కూర్చొనే వ్యవధి వుండదు. సీసా వెనుక ఆ విధంగా వాడవచ్చునని వ్రాసి వున్నదా లేదా అని చూడడం, ముందువైపు వ్రాసిన నెలల లెక్కను చూడడంకంటె ప్రయోజనకరం. ఏడాది అని వ్రాసినదానిని మన ఎండలో, మన దుమ్ములో కొద్దినెలలుగా లెక్కించుకొంటే నిరాశ వుండదు.

చిన్నసీసా కొని బానెట్ ఒక మూలన జానెడు మేర పరీక్షించడం వివేకం. పరీక్ష పగటినీడలో కాదు. రాత్రి ఒక్క టార్చిలైటు వెలుతురులో. చార కనిపించకపోతే ఆ సరకు ఆ ఊరి గాలికి సరిపడినట్లు. ఊరి గాలి అనడంలో అర్థం వున్నది. కాకినాడ, విశాఖపట్నాల ఉక్కలో స్ప్రే ఆరక జిడ్డుగా ప్రాకుతుంది, కొంచెమే చిమ్మవలె. అనంతపురం వేసవిలో గుడ్డ తగిలేలోపల ఎండి పొలుసు కడుతుంది. తెల్లవారుజామున, పలక చల్లగా వున్నపుడు మాత్రమే పని పెట్టుకోవలె. అరచేయి వెనుకభాగం ఆనించి చూస్తే వెచ్చగా తగిలిన పలకకు ఆ పూట ఏ పూతా వద్దు. ఒక్కసారి దట్టంగా పూయడంకంటె పలుచగా రెండుసార్లు పూయడం మంచిది. ముందువైపు అద్దం మీద పడితే వానలో వైపర్లు మసక చారలు వేస్తవి. బ్రేకు చక్రాల మీద పడితే ప్రాణాపాయం. గాలి ఆడని సెల్లారులో ఆ తుంపరలను పీల్చడం కూడా మంచిది కాదు.

నీటి కొరత, మంచినీటి కొరత వున్న ఇళ్ళలో ఒక సులువు వున్నది. ఇంటి ఏ.సి. యంత్రం గొట్టం నుండి రాత్రంతా కారే నీరు గాలిలోని తేమ చల్లబడి వచ్చినది. అందులో లవణాలు దాదాపు వుండవు. ఉక్కకాలంలో తెల్లవారేసరికి బకెట్టు నిండుతుంది. గుడ్డతో వడగట్టి చివరి కడుగుకు పోస్తే తెల్ల ఉంగరాల బెడద పోతుంది. పెరట్లో పారబోసే నీటికి ఇంత ప్రయోజనం వున్నదని తెలియక చాలామంది సీసాలను నిందిస్తున్నారు.

గీతలు ఇదివరకే పడినవారి మాటేమిటి? స్ప్రే వాటిని తుడిచివేయదు. పైన నిగారింపు పెరిగి ఒక్కొక్కపుడు మరింత స్పష్టం చేస్తుంది. గీతను పోగొట్టడమంటే దాని చుట్టూ వున్న పూతను దాని అడుగుదాకా అరగదీయడం; షెడ్డులో రబ్బింగ్ పాలిష్ పేరుతో చేసే పని అదే. ప్రతి రుద్దుడుకు వెంట్రుకవాసి పొరలో కొన్ని మైక్రానులు పోతవి. పోయినది ఏ సీసా తిరిగి తేలేదు. ఏటేటా పండుగకు పాలిష్ పట్టించే ఉత్సాహవంతులు నాలుగైదేళ్ళలో అద్దాన్ని అరగదీసి నలుపును ఎండకు అప్పగిస్తారు. ఒక్కసారి, తెలిసినవానిచేత, మందం కొలిచే పరికరంతో చూపించి చేయించుకొని, ఆపైన గీతలు పడకుండా చూచుకోవడమే దారి. కొన్ని గీతలను కొన్ని గీతలుగానే వుంచుకోవడమూ దారే.

పడకుండా చూచుకోవడం అన్నమాట ఎంత సులభంగా అన్నా, ఆ పని చేసేది యజమాని కాదు. సెల్లారులో తెల్లవారకముందే పది పన్నెండు కార్లు తుడిచే మనిషి వున్నాడు. అతనికి ఒక్కొక్క కారు మీద దొరికేది కొద్ది నిమిషాలు. ఒక బకెట్టు, ఒక పాతబనీను. మొదటి కారు దుమ్ము రెండవ కారుకు, రెండవదాని ఇసుక మూడవదానికి ఆ బనీనే మోసుకొనిపోతుంది. గీతలు చూచి అతని మీద కేకలు వేసే యజమానులు, అతని చేతికి రెండవ బకెట్టు ఇచ్చినవారు కారు. షాంపూనీరు ఒకదానిలో, గుడ్డ ఝాడించే నీరు మరొకదానిలో వుంటే ఇసుక రెండవదాని అడుగున దిగిపోతుంది. ముందు నీళ్ళు కొట్టి దుమ్ము వదిలించడం, పైకప్పునుండి క్రిందికి రావడం, చక్రాల గుడ్డ బానెట్‌కు తగలనీయకపోవడం, నేలమీద పడిన గుడ్డను ఉతకనిదే వాడకపోవడం, ఇంతే విద్య. ఈ విద్యకు ఇంకొక పది నిమిషాలు పడతవి. ఆ పది నిమిషాలకు అతనికి కూలి కట్టి ఇవ్వవలసి వుంటుంది. ఖరీదైన సీసాకు వెనుదీయని చేయి ఇక్కడ తటపటాయిస్తున్నది.

నీరు రాని ఉదయాలలో ఆ మనిషికి చెప్పవలసిన మాట మరొకటి వున్నది: ఈవేళ తుడవవద్దు. దుమ్ము పట్టిన నల్లకారును అట్లాగే ఆఫీసుకు నడుపుకొని పోవడానికి యజమానికి కొంత మనోనిబ్బరం కావలె. పనివానికైతే, జీతం కోతపడదని ముందుగా చెప్పి వుంచాలి. లేకపోతే యజమాని లిఫ్టు ఎక్కిన వెంటనే అతడు పాతబనీను తీస్తాడు.